మథుర త్రోవలో ఏనుగుల శరణాలయము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)

  

పంటలు ఇండ్లకు చేరిన దినములలో పూర్వము మఠములవారి ఏనుగు ఊరూర తిరుగుచు వచ్చెడిది. మెడగంట వినబడుటయే తడవు, వీధి జనమంతయు అరుగులమీదికి చేరెడివారు. గృహిణులు చేటలతో బియ్యము తెచ్చి పోసెడివారు. జడుపు పోవునని తల్లులు పసిపిల్లలను దాని కడుపు క్రిందుగా దాటించెడివారు. తోకవెండ్రుక నొకదానిని మావటినడిగి పుచ్చుకొని ఉంగరమున చుట్టించుకొన్నవారును కలరు. ఏనుగు తొండమెత్తి దీవించిన యేట పాడిపంటలకు లోటుండదని పెద్దల నమ్మిక. ఆ ఏనుగు ముందటి రాత్రి ఎచ్చట పండుకొన్నదో, ఎన్ని కోసులు నడచివచ్చినదో, దాని కాలిగోరు పగిలియున్నదో లేదో అడిగినవారు మాత్రము అరుదు. అడుగవలెనని తోచదు కూడ. దేవుని వాహనమునకు కాలునొప్పి యేమి?

ఈ ప్రశ్న ఈ గ్రామమునుండి ఉత్తరదేశ యాత్రకు వెళ్ళిన ఒక వృద్ధురాలికి డెబ్బదియెనిమిదవ యేట కలిగినది. ఆమె కుమారుడు ఉపాధ్యాయవృత్తినుండి విరమించినవాడు, ఈ గ్రంథాలయమునకు చిరకాల సభ్యుడు. తల్లికి కాశీ, ప్రయాగ, మథుర చూపింపవలెనని ఇరువది యేండ్లుగా అనుకొనుచు, ఉద్యోగము వదలిన పిమ్మట గాని చూపింపలేకపోయెను. వారు తిరిగివచ్చి గ్రంథాలయపు అరుగుమీద చెప్పిన వృత్తాంతమే ఈ ఉపన్యాసమునకు ఆధారము. పేర్లు వెల్లడించుటకు వారు సమ్మతింపలేదు. ఊరివారికి చెప్పవలసిన అవసరమును లేదు.

దారిలో ఒక క్షేత్రమున దర్శనము ముగించుకొని, మిట్టమధ్యాహ్నము వారు సత్రమునకు మరలివచ్చుచుండిరి. తారురోడ్డు ప్రక్కను ఒక ఆడయేనుగు నిలిచియుండెను. నుదుట రంగుల ముగ్గు, మెడలో గంట, వీపున పాత జంబుఖానా, పైన మావటి. వృద్ధురాలు చెంగుముడి విప్పి పదిరూపాయల నోటు తొండమునకు అందించెను. ఏనుగు ఆ నోటును పైనున్నవాని చేతికిచ్చి, తొండముతో ఆమె తలను తాకెను. ఆమె కన్నులు చెమ్మగిల్లినవి. ఆపై ఏనుగు ముంగాలొకటి నేలనుండి ఎత్తి, కొంతసేపు అట్లే గాలిలో నిలిపెను.

"నమస్కారం పెడుతున్నదిరా, చూశావా?" అని ఆమె కొడుకుతో అనెను.

ఉపాధ్యాయుడు బదులు పలుకలేదు. అతని చెప్పులకు కరగిన తారు అంటుకొనుచుండెను.

ఆగ్రానుండి మథురకు పోవు రాజమార్గమున ఫరహ్ అను ఊరి చేరువను చుర్మురా గ్రామము కలదు. యమునానది అచ్చటికి దూరము కాదు. తాజమహలు చూచి బృందావనమునకు పరుగిడు యాత్రికులలో అక్కడ ఆగువారు తక్కువ. ఆ గ్రామమున 2010వ సంవత్సరమున ఏనుగుల సంరక్షణ కేంద్రమొకటి ఏర్పడినది. స్థాపించినవారు వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. అను సంస్థవారు. 1995లో కార్తీక్ సత్యనారాయణ, గీతా శేషమణి అనువారు ఈ సంస్థను ప్రారంభించిరి. ముక్కునకు తాడుగ్రుచ్చి ఎలుగుబంట్లను వీధులలో ఆడించుట ఈ ప్రాంతపు పెద్దలందరును చూచినదే. ఆ ఆట దేశమునుండి తొలగిపోవుటకు పాటుపడిన వారిలో వీరు ముఖ్యులు. ఎలుగును విడిపించుటతో ఊరకొనక, దానిని ఆడించి బ్రతికెడి కలందరులకు వేరొక జీవనోపాధి చూపుటయు, వారి పిల్లలను బడికి పంపుటయు చేసిరి. 2009లో కడపటి ఎలుగు విడుదలయ్యెను. అటుపిమ్మటనే వీరి దృష్టి ఏనుగులమీదికి తిరిగినది.

ఉపాధ్యాయుడు ఈ సంగతులు పత్రికలో చదివి, ముందుగా వ్రాసి అనుమతి పొందియుండెను. అచ్చటికి ఎవరు పడిన వారు ఎప్పుడు పడిన అప్పుడు పోవుటకు వీలులేదు. నియమిత సమయములందు కొలదిమందిని మాత్రము, కేంద్రమువారి మనిషి వెంటనుండి, త్రిప్పి చూపుదురు. తల్లి డజను అరటిపండ్లు కొని చేతిసంచిలో పెట్టుకొని బయలుదేరినది. ద్వారముకడనే ఆ మనిషి వినయముగా హిందీలో నియమములు చెప్పెను. కుమారుడు తెలిగించెను: ఏనుగుమీద ఎక్కరాదు, చేతితో తాకరాదు, చేతితో తినిపింపరాదు.

"ఎక్కనివ్వరు, తాకనివ్వరు, పెట్టనివ్వరు. మరి ఇంతదూరం రావటమెందుకురా?"

"చూడ్డానికమ్మా."

"చూడ్డానికి బొమ్మ చాలదూ?" అని ఆమె సణిగినది. పండ్లసంచి వదలలేదు.

వినోదమును కోరి పోవువారికి అచ్చట నిజముగానే ఆశాభంగము తప్పదు. ఏనుగు బంతి ఆడదు, మెడలో దండ వేయదు, స్టూలుమీద కూర్చుండదు. ఒకటి చెరకుమోపు విప్పుకొని తీరికగా నమలుచుండును. ఒకటి దుమ్మెత్తి వీపుమీద చల్లుకొనును. దాని చర్మమునకు అదియే గొడుగు. ఇంకొకటి నీటికుంటలో దిగి తొండముకొన మాత్రము పైకి కనబడునట్లు మునిగియుండును. ఎదిగిన ఏనుగునకు దినమునకు ఇంచుమించు 150 కిలోల మేత కావలెను. అడవిలో నున్నప్పుడు దాని దినములో మూడింట రెండుపాళ్లు మేతకును, మేతకై నడచుటకును సరిపోవును. కావున ఏనుగు చేయవలసిన పని ఏమని అడిగినచో, తినుటయు నడచుటయు తనవారితో కలసియుండుటయు అని చెప్పవలెను. ఆ మూడు పనులే అక్కడ కనబడినవి. వృద్ధురాలు మొదట పెదవి విరిచినది గాని, కుంటలోనుండి లేచివచ్చిన ఏనుగు తనయొడలు మట్టిదిబ్బకు రుద్దుకొనుచుండగా, "మన బర్రె లాగే చేస్తున్నది," అని నవ్వినది.

అచ్చటి మట్టిదిబ్బలు ఊరక పోసినవి కావు. కీళ్లు పట్టిన ఏనుగు నేలమీద పండుకొనుటకు జంకును; పండుకొన్నచో మరల లేవలేనని దానికి తెలియును. అందుచే ఏండ్లతరబడి నిలువునిద్దుర పోయిన ఏనుగులు కలవు. దిబ్బ ఏటవాలుగా నున్నచో దానికి ఒరగి నిద్రించి, సులభముగా లేవగలుగును. కొడుకు ఈ మాట చెప్పగా తల్లి ఆగి, ఆ దిబ్బవంక చాలసేపు చూచెను. మోకాళ్ల వాతముచే ఆమెయు నులకమంచము విడిచి ఎత్తుమంచముమీద పండుకొనుట నేర్చినది.

పిమ్మట వైద్యము చేయుచోటికి పోయిరి. ఒక ఏనుగు పాదమును మందు కలిపిన నీటితొట్టిలో నానవేసి, గోళ్లనడుమ చెడిన భాగమును తొలచి శుభ్రపరచుచుండిరి. ఏనుగు పాదమునుగూర్చి నాలుగుమాటలు ఇచ్చట చెప్పుట అవసరము. చూచుటకు రోలువలె నుండు ఆ పాదమున ఎముకలు మునివ్రేళ్లపై నిలిచిన మనిషి పాదమువలె అమరియుండును. మడమవైపు ఖాళీని మెత్తని క్రొవ్వుదిండు నింపియుండును. మూడు నాలుగు టన్నుల బరువు ఆ దిండుమీద ఆనును గనుకనే ఏనుగు నడచినను అడవిలో చప్పుడు వినబడదు. మెత్తని మన్ను, ఆకురాలు, బురద, ఇసుక, వీనిమీద నడచుటకు ఏర్పడిన కాలది. దానిని మండుచున్న తారుమీద నడిపించి, రాత్రి సిమెంటునేలమీద దాని మలమూత్రములలోనే కట్టివేసినచో అరికాలు పలుచబడి చీలును, గోరు పగులును, పగులులో రాయి దూరి చీముపట్టును, ఆ చీము ఎముకవరకు ప్రాకును. బంధములోనున్న ఏనుగుల మరణములకు పాదరోగములు ముఖ్యకారణములలో నొకటి. ఏనుగుకు బరువును కాళ్లకు సమముగా పంచుకొనక తప్పదు. ఒకకాలు నొచ్చినప్పుడు దానిని కొంచెమెత్తి, మిగిలిన మూటిమీద భారము వేసి, ఆ మూడును అలసినపుడు మరల దించును.

ఇంతవరకు కేంద్రమువాడు హిందీలో చెప్పుట, కుమారుడు తెలిగించుట జరుగుచుండెను. వృద్ధురాలు సగములోనే చేయెత్తి వారించినది.

"అబ్బాయీ, ఆవేళ ఆ ఏనుగు కాలెత్తి పెట్టుకున్నది. నమస్కారమనుకున్నానురా."

కుమారుడు తల వంచుకొనెను. అతనికి ఆనాడే తోచినది. అమ్మ ఆనందమునకు అడ్డురానేల అని ఊరకొన్నాడు. ఆ మౌనము సరియైనదా కాదా అని గ్రంథాలయపు అరుగుమీద పెద్దచర్చ జరిగినది, తేలలేదు.

2018 నవంబరులో ఆ కేంద్రమునకు చేరువనే ఏనుగుల ఆసుపత్రి తెరువబడినది. దేశమున ఏనుగులకై ప్రత్యేకముగా కట్టిన మొదటి ఆసుపత్రి అది. ఎక్సురే యంత్రము, ఒడలి వేడిమినిబట్టి వాపు పట్టిన తావును చూపు కెమెరా, లేవలేని ఏనుగును ఎత్తునట్టి యంత్రము మొదలగునవి కలవు. వీనికంటె చూడదగినది వైద్యము చేయు తీరు. నడుమ బలమైన అడ్డుగోడ, అందు కన్నములు. పిలిచినప్పుడు ఏనుగు తనంతట వచ్చి, కన్నముగుండ కాలు చాచును. కాలు చాచినందులకు పండుముక్క దొరకును. ఇష్టము లేనిచో వెనుకకు పోవును; పోయినచో వైద్యుడు కనిపెట్టుకొని యుండును. అంకుశము లేదు.

అంకుశముతో నేర్పువిధమును గూర్చి విపులముగా చెప్పుటకు ఇది తగిన సభ కాదు, పిల్లలున్నారు. గున్నయేనుగును తల్లినుండి విడదీసి, కదలరాని దుంగలదొడ్డిలో బిగించి, ఆకలి, నిద్రలేమి, దెబ్బలు, ఈ మూటితో దాని మనసు విరిగినదాక ఉంచుట పలుదేశముల పాతపద్ధతి యని మాత్రము తెలిసికొన్న చాలును. ఆవల అది దీవించును, మోకరిల్లును, అంబారీ మోయును. గుఱ్ఱపు వీపువంటిది కాదు ఏనుగు వీపు. వెన్నెముకనుండి కొసదేరిన ఎముకలు పైకి పొడుచుకొనియుండును. పీట బిగించి మనుష్యులను ఎక్కించి దినమెల్ల త్రిప్పినచో, ఆ ఎముకలపై చర్మము ఒరసి పుండుపడును.

ఆ కేంద్రమునకు చేరిన ఏనుగులలో రాజు అనుదాని కథ దేశదేశముల ప్రాకినది. ఇంచుమించు 50 ఏండ్లు ములుకుల సంకెలలతో బిచ్చమెత్తిన ఆ మగయేనుగును 2014 జులైలో ఒక రాత్రి అధికారుల సాయమున విడిపించిరి. విడిపించునపుడు దాని కంట నీరు కారెనని పత్రికలు వ్రాసినవి. అది దుఃఖమో, కంటిజబ్బో పండితులు తేల్చుకొందురుగాక. సంకెల క్రింద మాంసము పుండుపడి చీము కారుచుండుట మాత్రము అందరును చూచినదే.

తెలుగువారు తెలియవలసిన పేరు సూజీ. 2015లో ఆంధ్రదేశమున ఒక సర్కసునుండి ఈ ముసలి ఆడయేనుగును అక్కడికి చేర్చిరి. రెండుకన్నులును కనబడవు. నోట పండ్లును లేవు. ఏనుగునకు దవడపండ్లు జీవితమున ఆరుమారులు వచ్చును. ముందటివి అరిగి రాలిన కొలది వెనుకటివి ముందునకు జరుగును. ఆరవవరుసయు అరిగినపిమ్మట అడవిలోని ఏనుగు నమలలేక, ఆకలిచే మెత్తని గడ్డి వెదకుకొనుచు పోయి రాలిపోవును. సూజీకి పండ్లను మెత్తగా పిసికి ముద్దలుచేసి పెట్టెడివారు. దశాబ్దములు ఆట చూపిన ఆ ఏనుగును చూచి చప్పట్లు కొట్టినవారు ఈ సభలోను ఉండవచ్చును. టిక్కెట్టు కొన్నది నేరము కాదు; తెలియనిది ఎవరికిని నేరముగా తోచదు.

మోతీ అను ఏనుగు ఈ కేంద్రమువరకు రాలేకపోయినది. అది ఉత్తరాఖండమున వీధులలో తిరిగి బిచ్చమెత్తినది. 2023 జనవరిలో కూలబడెను. కేంద్రమువారి వైద్యులు పోయిరి, సైనికులు వచ్చి దానిని నిలబెట్టుటకు పాటుపడిరి. నెల తిరుగకముందే అది చనిపోయెను. దానిపిమ్మట, వీధులలో బిచ్చమెత్తు ఏనుగు 2030 నాటికి ఒక్కటియు ఉండరాదని సంస్థవారు పూనిక వహించిరి.

"ఏనుగు చచ్చినా వెయ్యే, బ్రతికినా వెయ్యే" అని సామెత. జమాఖర్చులు వ్రాయువారికి ఈ సామెత ఇంపుగా నుండును, ధర మారదు గనుక. కాని ఆ సామెతలో ఏనుగు లేదు. దాని ధర మాత్రమే ఉన్నది. చుర్మురాలోని ఏనుగులు ఆ లెక్కనుబట్టి చూచినచో చిల్లిగవ్వ చేయవు. పని లేదు, రాబడి లేదు, మేతఖర్చు మాత్రము కలదు. 2017 చలికాలమున చుట్టుపట్ల పల్లెల స్త్రీలు రంగురంగుల ఉన్నితో వాటికి చొక్కాలల్లి తొడిగిరట. వృద్ధురాలు ఈ మాట విని, "ఎన్ని సేర్ల ఉన్ని పట్టిందో!" అని ఆశ్చర్యపడినది.

ఇది పరదేశపు నాగరికతవలన వచ్చిన క్రొత్త ఆలోచన యని కొందరు అనుకొనుచున్నారు. అది పొరపాటు. గజశాస్త్రము పుట్టిన కథయే ఇటువంటిది. అంగదేశమును రోమపాదుడు ఏలుచుండగా అడవియేనుగులు పైరులను పాడుచేయుచుండెను. రాజు వేటగాండ్రను పంపి ఆ గజయూథమును పట్టించి, చంపానగరమున కంబములకు కట్టించెను. ఆ ఏనుగులతో పెరిగినవాడు, ఆడయేనుగు కడుపున పుట్టినవాడని చెప్పబడు పాలకాప్యముని ఆశ్రమమునకు వచ్చి చూడగా ఏనుగులు లేవు. వెదకుకొనుచు పట్టణమునకు వచ్చి, కట్లచేత అయిన పుండ్లను కడిగి మందు వేయుచు వాటినడుమనే కూర్చుండెను. నీవెవరవని రాజు పంపినవారు అడిగినను పలుకలేదు. తుదకు రాజే పోయి ప్రార్థింపగా, ఏనుగుల పుట్టుక, లక్షణములు, రోగములు, చికిత్సలు ఉపదేశించెను. అదియే హస్త్యాయుర్వేదమని ప్రసిద్ధి. నీలకంఠుని మాతంగలీలయందును ఈ కథ కలదు. ఏనుగును ఎట్లు పట్టవలెనో చెప్పిన శాస్త్రమునకు మొదట నిలిచినది, పట్టినందువలన కలిగిన పుండును కడిగిన మనిషి.

కౌటిల్యుడు మునివలె జాలిపడువాడు కాడు. ఏనుగు అతనికి యుద్ధసాధనము. ఐనను అతని అర్థశాస్త్రమున గున్నలను, గర్భిణులను, పాలిచ్చు తల్లులను, రోగముగలవానిని పట్టరాదని యున్నది. గజవనమున ఏనుగును చంపినవానికి మరణదండన. శాల శుభ్రముగా లేకున్నను, మేత అందకున్నను, వట్టినేలమీద పండుకొనబెట్టినను, కొట్టరాని తావున కొట్టినను, కాని వేళ నడిపినను తప్పే. ఆ తప్పులకు పరిచారకుల బత్తెమునుండియు జీతమునుండియు కోత విధించెను. దయ లేనివానికి జమాఖర్చయినను నేర్పవలెనని అతని ఉద్దేశము కాబోలు. ఆ కోతపద్దు నేటి యజమానులలో ఎందరి చిఠ్ఠాలలో కనబడునో!

శరణాలయమని పేరుపెట్టుకొన్న ప్రతిచోటును శరణాలయము కాదు. సయాము అని పూర్వము పిలువబడిన థాయిలాండుదేశమున 1989లో అడవులు కొట్టుట నిషేధింపబడెను. దుంగలు లాగు ఏనుగులకును మావటులకును కూడు పోయినది. కొందరు బ్యాంకాకు వీధులలో బిచ్చమునకు దిగిరి. కొందరు యాత్రికులను ఎక్కించుకొను శిబిరములకు చేరిరి. చియాంగ్‌మై పట్టణమునకు చేరువను సంగ్దువాన్ చైలర్ట్ అను స్త్రీ అట్టి ఏనుగులను చేరదీసి, స్వారీ లేని శరణాలయమును నడుపుచు పేరుగాంచెను. ఆమెకు పేరు రాగానే చుట్టుపట్ల ఎన్నియో శిబిరములు అదేపేరు తగిలించుకొన్నవి. లోపల మాత్రము పాతపనియే. 2017లో ప్రపంచ జంతుసంరక్షణ సంఘమువారు ఆసియాలో యాత్రికుల వినోదమునకై ఉంచబడిన ఏనుగులను, మూడువేలకు కొంచెము తక్కువగా, పరిశీలించి, నాలుగింట మూడుపాళ్లు క్రూరమైన స్థితిలో నున్నవని ప్రకటించిరి. ఏనుగుకు స్నానము చేయించుట పుణ్యకార్యమువలె కనబడును. కాని దినమున పదిజట్లు వచ్చి పదిమార్లు కడిగినచో, దానికి ఇష్టమున్నను లేకున్నను నీటిలో నిలువవలసినదే. 2025 జనవరిలో ఆ దేశమునందే అట్లు స్నానము చేయించుచున్న ఒక విదేశ యువతి ఏనుగు పొడువగా మరణించెను. యాత్రకు పోవువారు బోర్డుమీది పేరు చూడక, అచ్చట ఏనుగునకు "ఒల్లను" అని పోవుటకు చోటున్నదా అని చూచుకొనవలెను. వృద్ధురాలిని చుర్మురా ద్వారముకడ నొప్పించిన నియమములు మూడును ఆ చోటు కల్పించునవే.

అయినను చుర్మురా అడవి కాదు. దానిని అడవియని పొగడినచో అబద్ధమగును. చిన్ననాటనే మందనుండి విడివడి, ముసలితనమున అక్కడికి చేరిన ఏనుగు అడవిలో బ్రతుకలేదు. వైద్యశాలయు వృద్ధాశ్రమమును కలసినట్టి చోటది. 2010లో భారత ప్రభుత్వము ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించెను. 2021 మొదలు 2025 వరకు జన్యుపరీక్షలతో జరిగిన లెక్కలో అడవియేనుగులు 22,446 అని తేలినది. మనుష్యుల అధీనమున నున్నవి వేలలో ఉన్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వాని క్రయవిక్రయములను నిషేధించుచున్నది. ఐనను 2022 నాటి సవరణ మతకార్యములకును "ఇతర ప్రయోజనములకును" వాటిని తరలింపవచ్చునని వాకిలి తెరచినది. ఆ రెండుమాటల వెడల్పు ఎంతయో న్యాయస్థానములే కొలువవలెను.

చిత్తూరుజిల్లా రైతు ఈ ఉపన్యాసము విన్నచో కోపగించుకొనును. ఆ కోపము న్యాయమైనదే. 1980 ప్రాంతముల పొరుగు రాష్ట్రపు అడవులనుండి ఏనుగులు పలమనేరు, కుప్పము సీమలకు వచ్చినవి. కౌండిన్య అభయారణ్యము వాటికై ఏర్పడినది. చెరకు, అరటి, వరి త్రొక్కబడుచునే యున్నవి; మనుష్యులును, ఏనుగులును చనిపోవుచున్నారు. రోమపాదుని కష్టము కథ కాదు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వము నాలుగు కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశమునకు ఇచ్చెను. అడవియేనుగులను పొలములనుండి మళ్లించుటకు నేర్పుబడసిన ఏనుగులవి. రైతుకు సాయపడు ఆ నాలుగింటికిని ఒకనాడు వార్ధక్యము వచ్చును. ఆనాటి మేతకును వైద్యమునకును ఇప్పుడే పద్దు వ్రాసికొనుట మంచిది.

వృద్ధురాలి కథకు మరలుదము. చూడవలసినది ముగిసి, వారు ద్వారమువైపు నడచుచుండిరి. ఆమె మాటాడక, కొంతదూరము పోయి నిలిచి, కొడుకును అడిగినది:

"నేనిచ్చిన పదిరూపాయలు దాని కడుపులో పడిందంటావా? కాలికి సంకెలయ్యిందంటావా?"

ఉపాధ్యాయుడు ఆలోచించి చెప్పెను. మావటియు బీదవాడే, ఏనుగు అనేకచోట్ల వానిది కాదు, యజమాని వేరొకడు. యాత్రికులు ఇచ్చినది లేకున్నచో ఆ పూట ఏనుగునకు గడ్డి ఉండకపోవచ్చును. యాత్రికులు ఇచ్చుచున్నంతకాలము ఏనుగును తారుమీద నిలుపుట లాభముగానే ఉండును. రెండును నిజమే. ఎలుగుబంటివానికి చూపినట్లు మావటికి వేరుబత్తెము చూపినచో గాని ఈ లెక్క తెగదు.

"అంటే రెండూ అయిందన్నమాట," అనెను ఆమె.

కేంద్రమువారు వీధులలో కష్టపడు ఏనుగులను గూర్చి యాత్రికులు చెప్పు సమాచారమును వ్రాసికొందురని కుమారునికి తెలియును. అతడు వెంటవచ్చిన మనిషితో ఆ క్షేత్రము పేరు, వీధి, వేళ చెప్పెను. ఆ మనిషి కాగితము తీసి ఒక్కొక్కటి వ్రాసికొనుచు, ఆడయా మగయా, ఈడెంత యుండును, నుదుటిముగ్గు ఎట్టిది, చెవి చినిగియున్నదా అని అడిగెను. కుమారుడు తోచినంత చెప్పెను. ఎత్తిపట్టినది ఏ కాలని అడుగగా అతనికి జ్ఞాపకము రాలేదు. తల్లివైపు చూచెను. ఆమె హిందీ ఎరుగదు గాని ప్రశ్న గ్రహించినది. పండ్లసంచి క్రిందపెట్టి, కొడుకు భుజము పట్టుకొని, తన ఎడమకాలు నేలనుండి జానెడెత్తి చూపినది.

"ముంగాలని రాసుకోమను. ఎడమది," అని చెప్పి, ఆ మనిషి వ్రాసికొన్నదాక కాలు దించలేదు.